ఇంగ్లీషు 'డ్రై' మన 'తృష్ణ' నుంచి పుట్టిందా?

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. ఇంగ్లీషు 'డ్రై' సంస్కృత 'తృష్ణ' నుంచి పుట్టిందని ఫోనులో తిరుగుతున్న ఒక సందేశంలో చదివారు. మీరు జర్మన్ నేర్చుకుంటున్నారు, అక్కడ ఇదే అర్థానికి 'ట్రోకెన్', 'డ్యుర్' అని రెండు మాటలు ఎదురయ్యాయి. వీటిలో ఏది దేనికి చుట్టం, మన 'ఎండు'కు వీటితో సంబంధం ఉందా, రెండు జర్మన్ మాటల్లో ఏది ఎక్కడ వాడాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెబితే: 'డ్రై'కీ 'తృష్ణ'కూ చుట్టరికం లేదు. 'తృష్ణ'కు తోబుట్టువులు జర్మన్ 'డ్యుర్', ఇంగ్లీషు 'థర్స్ట్'. 'డ్రై'కి తోబుట్టువు 'ట్రోకెన్'. 'ఎండు' అచ్చమైన ద్రావిడ పదం. ఆ సందేశం రాసినవారు సరైన ఇంటి పక్కింటి తలుపు తట్టారు. 'తృష్ణ'కు ఇంగ్లీషులో నిజంగానే బంధువు ఉంది, అది 'డ్రై' మాత్రం కాదు. ఇంకో మాట. 'తృష్ణ' నుంచి 'థర్స్ట్' పుట్టిందనడమూ తప్పే. రెండూ అంతకంటే చాలా పాతదైన ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి విడివిడిగా దిగివచ్చాయి.

నేను హైదరాబాదులో చాలా కాలంగా జర్మన్ నేర్పుతున్నాను. పదాల చరిత్ర నేను ఇష్టపడి చదువుకున్న విషయం. ఇలాంటి ప్రశ్న ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడిగినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది. కాబట్టి కారణాలు కొంచెం వివరంగా చెబుతాను.

పదాలు ఒకేలా వినిపించడం చుట్టరికానికి రుజువు కాదు. ధ్వనులు ఒక పద్ధతిలో మారాయా అన్నదే చూడాలి. ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ లాంటివి ఉన్న కుటుంబాన్ని జర్మానిక్ భాషలంటారు. వాటిలో ఆ పద్ధతిని 1818లో డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ చాలావరకు గుర్తించాడు. 1822లో యాకోబ్ గ్రిమ్ తన జర్మన్ వ్యాకరణం రెండో కూర్పులో దాన్ని సూత్రంగా పెట్టాడు. అందుకే దానికి గ్రిమ్ సూత్రమని పేరు వచ్చింది. దానిలో మనకు కావలసిన ముక్క ఇంతే: మూలభాషలో పదం మొదట 'త' ఉంటే సంస్కృతంలో అది అలాగే నిలిచింది. జర్మానిక్ భాషల్లో నాలుకను పళ్ల మధ్య పెట్టి గాలి వదిలే ధ్వనిగా మారింది. 'త్రి' పక్కన 'థ్రీ' పెట్టి చూడండి. సన్నని అనే అర్థంలో 'తను' పక్కన 'థిన్', గడ్డిపరక అయిన 'తృణ' పక్కన ముల్లు అయిన 'థార్న్' పెట్టండి. అదే వరుసలో 'తృష్' పక్కన 'థర్స్ట్' వచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లీషు నిలుపుకున్న ఈ ధ్వని జర్మన్‌లో తరువాతి శతాబ్దాల్లో 'డ' అయింది. స్వీడిష్, డేనిష్ భాషల్లో 'ట' అయింది. అందుకే దాహాన్ని జర్మన్‌లో 'డుర్స్ట్' అనీ, స్వీడిష్‌లో 'టోర్స్ట్' అనీ అంటారు. సన్ననిది జర్మన్‌లో 'డ్యున్', స్వీడిష్‌లో 'టున్'. మూడు అంకె జర్మన్‌లో అచ్చంగా 'డ్రై' అనే వినిపిస్తుంది! మీరు ఈపాటికి గమనించే ఉంటారు. జర్మన్ 'డ్రై' మన 'త్రి'కి చుట్టం, ఇంగ్లీషు 'డ్రై'తో దానికి ఏ సంబంధమూ లేదు. చెవిని నమ్ముకుంటే ఎక్కడికి పోతామో చెప్పడానికి నేను తరగతిలో మొదట ఇచ్చే ఉదాహరణ ఇదే.

ఇప్పుడు ఇంగ్లీషులో మొదట 'డ' ఉన్న పాత జర్మానిక్ మాటలు చూద్దాం. వాటికి జర్మన్‌లో 'ట' వస్తుంది. 'డే'కి 'టాగ్', 'డ్రింక్'కు 'ట్రింకెన్', 'డాటర్'కు 'టోఖ్టర్', 'డ్రై'కి 'ట్రోకెన్'. ఈ 'డ' మూలభాషలోని 'ధ' నుంచి వచ్చింది. 'విధవ'కు ఇంగ్లీషులో 'విడో', 'రుధిర'కు 'రెడ్' అందుకే సరిపోతాయి. 'డాటర్'కు సంస్కృత తోబుట్టువు 'దుహిత'. అక్కడ 'ధ' బదులు 'ద' ఎందుకుందంటే, ఒకే ధాతువులో రెండు మహాప్రాణాలు, అంటే 'ధ', 'ఘ' లాంటి ఒత్తి పలికే ధ్వనులు ఉంటే సంస్కృతం మొదటిదాన్ని 'ద', 'గ' లాంటి అల్పప్రాణం చేస్తుంది. 1863లో హెర్మన్ గ్రాస్మన్ చూపించిన నియమం ఇది.

అంటే 'డ్రై'కి సంస్కృతంలో అక్కో చెల్లెలో ఉంటే అది 'ధ్ర'తోనో 'ద్ర'తోనో మొదలవ్వాలి, 'త'తో మొదలయ్యే అవకాశం లేదు. మీరు చదివిన సందేశం ఇక్కడే కూలిపోతుంది.

సరే, ఆ 'ద్ర' చుట్టం ఉందా? నిర్ధారణగా చెప్పదగ్గది ఒక్కటీ లేదు. 'డ్రై' వంశం జర్మానిక్ శాఖలో, అందులోనూ ముఖ్యంగా పశ్చిమ భాషల్లో కనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో 'డ్రూయె', డచ్‌లో 'డ్రోఖ్', ఉత్తర జర్మనీ పల్లె మాటల్లో 'డ్రోగ్', ప్రామాణిక జర్మన్‌లో 'ట్రోకెన్'. కరువుకు వాడే ఇంగ్లీషు 'డ్రౌట్', డచ్ 'డ్రోఖ్టె' ఈ ఇంటివే. నీరు బయటికి తీసే 'డ్రెయిన్' కూడా బహుశా ఇదే ధాతువు నుంచి వచ్చింది. మన వీధిలో డ్రైనేజీ అని రోజూ అనే మాటలో 'ఎండబెట్టడం' దాగి ఉందన్నమాట. 'డ్రగ్' సంగతి మాత్రం వివాదం. అది ఫ్రెంచి 'డ్రోగ్' ద్వారా ఇంగ్లీషుకు వచ్చింది. ఆ ఫ్రెంచి మాటకు పాత డచ్‌లోని 'పొడి సరుకు పీపాలు' అనే ప్రయోగం మూలమని కొందరంటారు. ఎండిన ఓషధులూ సుగంధద్రవ్యాలూ పీపాల్లో వచ్చేవి కాబట్టి కథ ముచ్చటగా ఉంటుంది, కానీ తేలిన విషయం కాదు.

జర్మానిక్ బయట చుట్టం కోసం పాత పండితులు వెతకకపోలేదు. 'గట్టిగా పట్టి ఉంచు' అనే ధాతువుతో, అంటే మన 'ధృ', 'ధర్మ' పుట్టిన ధాతువుతో ముడిపెట్టినవారున్నారు. ఎండినది గట్టిపడుతుంది కదా అన్నది వారి వాదన. ధ్వనిపరంగా అడ్డేమీ లేదు, అర్థం మాత్రం సాగదీయాల్సి వస్తుంది. నాకు అది ఒప్పుకోదగ్గంత బలంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది, ఉత్సాహం ఉన్నవారు తప్పకుండా అందులో అడుగు పెడతారు. పైన చెప్పిన లెక్క ప్రకారం 'డ్రై'కి సంస్కృత రూపం ఊహిస్తే ఇంచుమించు 'ద్రుహ్' వస్తుంది. ఆ ధాతువు సంస్కృతంలో ఉంది కూడా! 'ద్రోహం' దాని నుంచే వచ్చింది. అయితే దాని అసలు జర్మానిక్ తోబుట్టువు 'మోసగించు' అనే అర్థమున్న జర్మన్ క్రియ 'ట్ర్యూగెన్'. రూపమూ అర్థమూ రెండూ అక్కడ చక్కగా కలుస్తాయి. పొడితనానికీ ద్రోహానికీ లంకె వేయడానికి ఏ ఆధారమూ లేదు.

ఇప్పుడు 'డ్యుర్' వైపు వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన కుటుంబం ఇది.

దీని పాత రూపం నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా చేసిన గోథిక్ బైబిల్ అనువాదంలో దొరుకుతుంది. గోథిక్ ఇప్పుడు వాడుకలో లేని పాత జర్మానిక్ భాష. లూకా సువార్త ఆరో అధ్యాయంలో కుడిచెయ్యి ఎండిపోయిన మనిషి ఉన్నాడు, మన తెలుగు బైబిల్లో ఊచచెయ్యి అంటారు. గోథిక్‌లో ఆ చేతికి వాడిన విశేషణం 'థౌర్సుస్'. అందులో 'ర్' తరువాత 'స్' స్పష్టంగా ఉంది చూడండి. సంస్కృత 'తృష్' కూడా అంతే. మిగతా జర్మానిక్ భాషల్లో ఈ 'ర్స్' కాలక్రమంలో 'ర్ర్' అయిపోయింది. అలా జర్మన్ 'డ్యుర్', డచ్ 'డోర్', ఐస్లాండిక్ 'థుర్', స్వీడిష్ 'టోర్', డేనిష్ 'టోయర్' వచ్చాయి. దాహం అనే మాటలో మాత్రం వెనక ఇంకో 'ట్' ఉండటంతో 'స్' కాపాడబడింది. అందుకే 'డుర్స్ట్'లో 'స్' వినిపిస్తుంది, 'డ్యుర్'లో వినిపించదు. జర్మన్ మాట్లాడేవారిలో చాలామందికి ఈ రెండూ ఒక కడుపున పుట్టినవని తెలియదు. పాత ఇంగ్లీషులోనూ 'థ్యుర్రె' అనే విశేషణం ఉండేది. అది పోయింది, 'థర్స్ట్' మిగిలింది.

లాటిన్ కూడా స్వతంత్రంగా ఇదే పని చేసింది, 'ర్స్'ను 'ర్ర్' చేసింది. సముద్రానికి ఎదురుగా నిలిచిన పొడి నేల కాబట్టి భూమికి 'టెర్రా' అన్న పేరు ఈ ధాతువు నుంచే వచ్చింది. దాని నుంచి ఫ్రెంచి మీదుగా 'టెర్రస్' వచ్చింది. వేసవిలో మనం వడియాలు ఎండబెట్టేది దాని మీదే. వేపుడు, మాడ్చడం అనే అర్థంలో లాటిన్ 'టొర్రేరె' ఉంది. దాని నుంచి రొట్టె 'టోస్ట్' వచ్చింది. ఉడికి పొంగుతున్నట్టు పారే ప్రవాహానికి 'టోరెంట్' అన్న పేరూ ఇక్కడిదే. ఎండబెట్టే ధాతువు నుంచి వరద మాట పుట్టడం వింతగా ఉంటుంది, కానీ మాడ్చడం, సలసల కాగడం, ఉరకలెత్తడం అన్న మెట్ల మీదుగా అర్థం నడిచింది. గ్రీకులో జున్ను ఆరబెట్టే అల్లిక తట్టను 'టార్సోస్' అనేవారు. ఆ చదునైన ఆకారాన్ని బట్టి పాదం చదును భాగానికి అదే పేరు పెట్టారు. వైద్య విద్యార్థులు కాలి మడమ దగ్గర చదివే టార్సల్ ఎముకల పేరు దాని నుంచే వచ్చింది.

మన వైపు 'తృష', 'తృష్ణ', 'తృషితుడు' మీకు తెలిసినవే. పాళీలో అది 'తణ్హా'. బుద్ధుడు దుఃఖానికి కారణంగా చెప్పింది దాన్నే. పారసీకంలో దప్పికగొన్నవాడు 'తిష్నా', ఉర్దూ కవిత్వంలో దప్పిక 'తిష్నగీ'. హైదరాబాదులో గజల్ వినే అలవాటు ఉంటే ఆ మాట మీ చెవిన పడే ఉంటుంది. అది 'డ్యుర్'కీ 'థర్స్ట్'కీ దగ్గరి బంధువే.

మీరు అడగలేదు కానీ, జర్మానిక్ భాషల్లో 'పొడి'కి మూడో కుటుంబం కూడా ఉంది, అది చెప్పకపోతే బొమ్మ పూర్తి కాదు. వాడిపోయిన అనే అర్థంలో ఇంగ్లీషు పాత కవితల్లో 'సియర్' అనే మాట కనిపిస్తుంది. పెనం మీద మాంసాన్ని పైపైన మాడ్చడానికి వంటవాళ్లు వాడే 'సియర్' దానికి క్రియారూపం. దీని సంస్కృత తోబుట్టువు 'శుష్క'. మొదటి ధ్వని అసలు 'స', పక్కనున్న 'ష' ప్రభావంతో 'శ' అయింది. 'శుష్క వాగ్దానాలు' అని పత్రికలు రాసినా, ఎండలో 'శోష వచ్చి' పడిపోయాడని మనం అన్నా ఆ కుటుంబమే. రష్యన్‌లో 'సుఖోయ్' అంటే పొడి అని అర్థం. మన వాయుసేన నడిపే సుఖోయ్ యుద్ధవిమానాలకు ఆ పేరు రూపకర్త పావెల్ సుఖోయ్ ఇంటిపేరు నుంచి వచ్చింది, ఆ ఇంటిపేరు 'శుష్క'కు సోదర పదం. లిథువేనియాలో జనవరి నెలను 'సౌసిస్' అంటారు, అదీ పొడి అనే మాట నుంచి వచ్చిన పేరే.

పారసీకంలో 'స' చాలాచోట్ల 'హ' వైపు జరిగింది. 'సప్త'కు 'హఫ్త్' వచ్చినట్టే, 'శుష్క'కు పాత ఇరాన్ మతగ్రంథమైన అవెస్తా భాషలో 'హుష్క', తరువాతి పారసీకంలో 'ఖుష్క్' వచ్చాయి. ఒకసారి నల్లగొండ వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు తాతగారి కాలంనాటి పహాణీ నకలు తెచ్చి, అందులో భూమి రకం దగ్గర రాసిన 'ఖుష్కీ' అంటే ఏమిటని అడిగారు. నిజాం కాలపు రెవెన్యూ భాషలో మెట్ట భూమి 'ఖుష్కీ', మాగాణి 'తరి'. పారసీకంలో 'తర్' అంటే తడి. ఆ కాగితం మీది 'ఖుష్కీ'ని, తెలుగు 'శుష్కం'ని, ఇంగ్లీషు 'సియర్'ను, రష్యన్ 'సుఖోయ్'ను నల్లబల్ల మీద ఒక వరుసలో రాశాను. తరగతి అంతా లేచి దగ్గరికి వచ్చి చూసింది. వ్యాకరణం చెబితే అంతమంది లేవరు. అందుకే ఊరి కాగితాల్లోని మాటలను కూడా పట్టించుకోమని విద్యార్థులకు చెబుతుంటాను.

ఇక మన 'ఎండు'. 'ఎండ', 'ఎండు', 'ఎండగట్టు' అన్నీ ద్రావిడ సంపద. తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని ఆధారాలతో చూపిన వ్యాసం 1816లోనే అచ్చయింది. మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి పీఠికలో చేర్చిన వ్యాసం అది. జర్మనీ పండితుడు ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ క్రియారూపాలను పోల్చి పుస్తకం ప్రచురించింది కూడా సరిగ్గా అదే ఏడాది. కాబట్టి 'ఎండు'ను ఇంగ్లీషు మాటలతో కలపాలని చూడవద్దు. తెలుగులోకి సంస్కృతం నుంచి, పారసీకం నుంచి వచ్చి చేరిన 'శుష్క', 'తృష్ణ', 'ఖుష్కీ'లకే ఆ దూరపు చుట్టరికం ఉంది.

చివరిగా మీ వాడుక ప్రశ్న. చరిత్రతో సంబంధం లేకుండా, తెలుగువారికి ఇది చాలా సులువు. తెలుగులో 'పొడి' అనే చోట చాలావరకు 'ట్రోకెన్' వస్తుంది. 'ఎండిపోయిన', 'వాడి వట్టిపోయిన' అనే చోట 'డ్యుర్' వస్తుంది. పొడి తువ్వాలు, పొడి చర్మం, పొడి దగ్గు, పొడి వాతావరణం, తీపి లేని వైన్, అన్నీ 'ట్రోకెన్'. ఎండిన కొమ్మ, ఎండుటాకులు, పంట పండని బీడు నేల, ఇవి 'డ్యుర్'. కరువుకు 'డ్యురె' అంటారు. ఎండు పండ్లకు మాత్రం రెండు కుటుంబాల మాటలూ నడుస్తాయి. 'ట్రోకెనోబ్స్ట్' అన్నా, 'డోరోబ్స్ట్' అన్నా దుకాణంలో అర్థమవుతుంది. రెండోదానిలోని క్రియ పండ్లనో పుట్టగొడుగులనో తేమ పోయేదాకా వేడిగాలిలో ఆరబెట్టడాన్ని చెబుతుంది. ఉతికిన బట్టలు ఆరేయడానికి దాన్ని వాడరు, అక్కడ 'ట్రోక్నెన్' అనాలి.

మనుషుల విషయంలో మాత్రం జాగ్రత్త. బాగా సన్నబడి బక్కచిక్కిన మనిషిని 'డ్యుర్' అంటారు. మనం 'ఎండిపోయాడు' అన్నట్టే ఉంటుంది, మర్యాదగా వినిపించదు కూడా. ఒక విద్యార్థిని కుటుంబం గురించి వ్యాసం రాస్తూ సన్నగా ఉండే తన మేనమామను 'ట్రోకెన్' అని వర్ణించింది. జర్మన్‌లో మనిషి 'ట్రోకెన్' అంటే ముందుగా తట్టే అర్థం తాగుడు వ్యసనం నుంచి బయటపడినవాడు అని. పాపం ఆ మేనమామ ఎన్నడూ తాగి ఎరుగడు. సన్నని మనిషిని నొప్పించకుండా చెప్పాలంటే 'ష్లాంక్' అనండి.

మీరు ముందు ముందు వేరే దేశాలకు వెళ్లాల్సివస్తే ఇంకో రెండు ముక్కలు. డచ్‌లో ఇదే పంపకం ఉంది. రోజువారీ పొడికి 'డ్రోఖ్', జీవం పోయి ఎండినదానికి 'డోర్'. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో 'డ్రై' వంశం విశేషణం వాడుకలో లేదు, తువ్వాలుకూ ఎండుటాకుకూ 'తృష్ణ' చుట్టమే పనిచేస్తుంది. నార్వేలో లోఫోటెన్ దీవుల్లో చలికాలం చివర కాడ్ చేపలను ఉప్పు వేయకుండా కర్రల పందిళ్లకు వేలాడదీసి, చలిగాలికి నెలల తరబడి ఆరబెడతారు. ఆ ఎండుచేప పేరు 'టోర్ఫిస్క్'. అందులో మొదటి ముక్క ఏ ఇంటిదో ఇప్పుడు మీరే చెప్పగలరు.